నీళ్లు పారినట్టా, గీత గీసినట్టా?

ప్రశ్న: థాయ్‌లాండ్, కంబోడియా రెండూ బుద్ధుణ్ణి మొక్కే దేశాలే కదా, ఒక శివాలయం కోసం కొట్టుకోవడమేంటి? అంతర్జాతీయ కోర్టు ఎప్పుడో తీర్పు చెప్పిందట. మరి 2025లో ఫిరంగులెందుకు పేలాయి? మా అబ్బాయి బ్యాంకాక్ నుంచి బస్సులో అంగ్‌కోర్ వాట్‌కి పోతానంటున్నాడు. పోనివ్వచ్చా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: అమ్మా, నేను ముప్పయ్యేళ్లు గొలుసు పట్టుకుని పొలాలు కొలిచినవాణ్ణి. ఏ యుద్ధం వార్త చదివినా నాకు ముందు గెట్టు పంచాయితీయే కనబడుతుంది. ఇదైతే అచ్చంగా అదే.

ఆ గుడి పేరు ప్రేహ్ విహేర్. దాంగ్రెక్ కొండల కొసన, 500 మీటర్లకు పైగా ఎత్తున్న చరియ మీద పూర్వం కంబోడియాను ఏలిన ఖ్మేర్ రాజులు శిఖరేశ్వరుడికి కట్టించారు. బుద్ధుడి కొలువు తర్వాతి కథ. చిక్కంతా గుడి మొహంలో ఉంది. వాకిలి ఉత్తరానికి, అంటే థాయ్‌లాండ్ వైపుకి. అటు నుంచి మెట్లెక్కుతూ తీరిగ్గా పోవచ్చు. కంబోడియా వైపు చూస్తే నిట్టనిలువు లోయ.

కంబోడియా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నప్పుడు, 1904లో, సియాంతో (ఇప్పటి థాయ్‌లాండే) ఒప్పందం రాసుకున్నారు. కొండ మీద పడ్డ వాన ఏ పక్కకు జారితే ఆ నేల ఆ పక్కవాళ్లది. ఆ లెక్కన గుడి తమదేనని థాయ్‌ల వాదన. కానీ పటం గీసే పని సియాం తనే ఫ్రెంచి అధికారులకు అప్పజెప్పింది! 1908లో పారిస్ నుంచి అచ్చయి వచ్చిన పటంలో గీత గుడికి ఉత్తరంగా పోయింది, అంటే గుడి కంబోడియాలో పడింది. సియాం కిక్కురుమనలేదు. పైగా సియాం హోంమంత్రి ప్రిన్స్ దామ్‌రాంగ్ గవర్నర్లకు పంచడానికి ఇంకో 15 ప్రతులు అడిగి తెప్పించుకున్నాడు. 1930లో ఆయనే గుడి చూడబోతే, ఫ్రెంచి జెండా ఎగరేసుకుని ఫ్రెంచి అధికారి ఎదురొచ్చి స్వాగతం చెప్పాడు. అప్పుడూ నోరు మెదపలేదు.

పక్కవాడు ఇరవయ్యేళ్లు మన చెల్కలో దున్నుతుంటే చూస్తూ కూర్చుని, ఇరవై ఒకటో ఏట టిప్పన్ (సర్వే కొలతల కాగితం) పట్టుకుని పరిగెత్తుకొచ్చే ఆసాముల్ని మా తాలూకాలో ఎంతమందిని చూశానో. 1962 జూన్ 15న హేగ్‌లోని ఆ అంతర్జాతీయ కోర్టు 9–3తో గుడి కంబోడియాదేనంది. ఇన్నేళ్లు ఊరుకున్నారంటే ఒప్పుకున్నట్టేనన్నది ఆ తీర్పు సారం.

అయితే అప్పుడు తేలింది గుడి ఒక్కటే. 2013లో కోర్టు అది నిలబడ్డ కొండకొమ్మును కూడా కంబోడియాకే రాసింది. సరిహద్దేమో 800 కిలోమీటర్ల పైచిలుకు. కంబోడియా 1:2,00,000 పాత ఫ్రెంచి పటం చూపిస్తుంది, థాయ్‌లు తమ 1:50,000 పటం పరుస్తారు. పాత పటంలో ఒక మిల్లీమీటరంటే నేల మీద 200 మీటర్లు. నిన్న రాత్రి మీ ఉత్తరం ముందు పెట్టుకుని నా డ్రాయింగు పెన్నుతో ఒక గీత గీసి కొలిచాను. అర మిల్లీమీటరు మందం. ఆ పటం మీద ఇదే గీత గీస్తే గీత కిందే వంద మీటర్ల నేల పోతుంది. మన చార్మినార్ ఒక్కో పక్క 20 మీటర్లు. ఐదు చార్మినార్లు వరసగా నిలబెట్టినా ఏ దేశంలో ఉన్నాయో చెప్పలేం. తా మువెన్ థోమ్ లాంటి చిన్న గుళ్ల దగ్గర సిపాయిలు నిలబడేది సరిగ్గా అలాంటి జాగాల్లోనే.

2025 జులై 24న అక్కడే తుపాకులు పేలాయి. ఐదు రోజులకు మలేషియా మధ్యలో కూర్చుని ఆపింది. డిసెంబరులో మళ్లీ మొదలై 27న ఆగింది. లక్షలమంది మూటాముల్లె సర్దుకుని ఇళ్లొదిలారు. రాజకీయమూ ఉందిలెండి: అప్పటి థాయ్ ప్రధాని పేటోంగ్‌టార్న్, కంబోడియా మాజీ ప్రధాని హున్ సేన్‌ని ఫోన్‌లో ‘అంకుల్’ అంటూ తమ సైన్యాధికారినే తప్పుపట్టిన సంభాషణ బయటపడి, ఆగస్టులో థాయ్ రాజ్యాంగ కోర్టు ఆవిణ్ణి పదవి నుంచి దించేసింది. వరసలు కలుపుకుంటే గెట్లు తెగవు కదా.

మీ అబ్బాయికి బస్సు వద్దని చెప్పండి. 2025 జూన్ నుంచే ఆ దారిలో సరిహద్దు గేట్లు మూయడం మొదలైంది, ఇవాళ తెరిస్తే రేపు మూయరన్న నమ్మకం లేదు. సియెమ్ రీప్‌కి విమానంలో దిగితే అంగ్‌కోర్ వాట్ ఊరి పక్కనే. టికెట్టు కొనే ముందు మాత్రం మన ఎంబసీ సూచన చదవమనండి. 2025 జులైలో ఏడు థాయ్ రాష్ట్రాల పేర్లు రాసి అటు పోవద్దంది. అంగ్‌కోర్ వాట్‌లో 1986 నుంచి 1993 దాకా రాళ్లు సర్దింది మన పురావస్తు శాఖవాళ్లే. ఆ గోడల దగ్గర కాస్త ఆగి చూసి, నాకో ఫొటో పంపమనండి.