విమానంలో స్మోక్ డిటెక్టర్ టెస్ట్ చేయడానికి నిజంగా మంట పెడతారా? ఫాగ్ మెషిన్ పొగతో చేస్తే నమ్మొచ్చా?

ఎగిరే విమానంలో మంట పెట్టరండి. ల్యాబుల్లో డిటెక్టర్లని నిజమైన మంటలతో చూస్తారు, విమానంలో మాత్రం పొగ మెషినే. ఇక నమ్మొచ్చా అంటే, పొగ ఎంత వదిలారు, ఎక్కణ్ణుంచి వదిలారు, దానికి వేడి ఉందా లేదా, ఈ మూడూ తెలియకుండా "టెస్ట్ పాస్" అని ఎవరన్నా చెప్తే నేనైతే నమ్మను. నేను ఏఎంఈని, అంటే విమానాల మెయింటెనెన్స్ ఇంజనీర్‌ని, ప్యాసింజర్ విమానాన్ని కార్గో విమానంగా మార్చే ప్రాజెక్టు ఒకదాంట్లో పనిచేశా, అక్కడ కళ్ళారా చూశాక చెప్తున్న మాట ఇది.

ముందు రూల్ సంగతి. అమెరికాలో విమానాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఏఏ రూల్స్‌లో 25.858 అని ఉంది, కార్గోలో, అంటే సరుకు పెట్టే గదిలో, మంట మొదలైన 1 నిమిషంలోపు కాక్‌పిట్‌లో పైలట్లకి వార్నింగ్ కనపడాలి, అది కూడా విమానం బాడీ బలం తగ్గేంత వేడి పుట్టకముందే. నేల మీద ఒకసారి చూపించేస్తే సరిపోదు, గాల్లో ఉన్నప్పుడు ప్రెషర్ వేరు, లోపల గాలి తిరిగే తీరు వేరు, అందుకే టెస్ట్ ఫ్లైట్‌లో కూడా పొగ వదిలి స్టాప్‌వాచ్ పట్టుకుని చూస్తాం.

ఇప్పుడు అసలు చిక్కు. ఎక్కువ డిటెక్టర్లు పనిచేసేది వెలుతురుతో. లోపల చిన్న చీకటి గదిలాంటిది ఉంటుంది, ఒక ఎల్ఈడీ, దానికి ఎదురుగా కాకుండా పక్కకి పెట్టిన ఒక సెన్సర్. పొగ లోపలికొస్తే ఆ రేణువుల మీద వెలుతురు పడి చెదిరి సెన్సర్ మీదకి వస్తుంది, అలారం మోగుతుంది. మెషిన్ పొగ అంటే నూనెదో, గ్లైకాల్ కలిపిన నీళ్ళదో సన్నటి తుంపర, తెల్లగా ఉంటుంది, వెలుతుర్ని బాగా చెదరగొడుతుంది. నిజంగా ప్లాస్టిక్కో రబ్బరో మంటపట్టి కాలితే వచ్చే నల్ల మసి వెలుతుర్ని చాలావరకు మింగేస్తుంది. అంటే మన మెషిన్ పొగకి అలారం తేలిగ్గా మోగుతుంది, మందంగా వదిలితే ఎంత పనికిమాలిన సిస్టమైనా పాసైపోతుంది.

మాకు జరిగింది అదే. నేల మీద మొదటిసారి మెషిన్ ఫుల్లుగా తిప్పాం, కార్గో అంతా తెల్లగా అయిపోయింది, 20 సెకన్లలో అలారం, అందరం సంతోషపడ్డాం. మా సీనియర్ సర్ మాత్రం ఒప్పుకోలేదు, "ఒక పెట్టె లోపల రాజుకుంటే మొదటి నిమిషంలో ఇంత పొగ వస్తుందా అబ్బాయ్" అని అడిగారు. పొగ బాగా తగ్గించి, మూతి దగ్గర హీటర్ పెట్టి, డిటెక్టర్లకి దూరంగా ఓ మూల నేల మీద మెషిన్ పెట్టించారు. హీటర్ ఎందుకంటే, సాంబ్రాణి వేసినప్పుడు చూడండి, నిప్పుల వేడికి పొగ పైకి లేస్తుంది, పెళ్ళి స్టేజీ మీద వదిలే డ్రై ఐస్ పొగ కాళ్ళ దగ్గరే పాకుతుంది. డిటెక్టర్లు ఉండేది సీలింగ్‌లో, నిజమైన మంట పొగ వేడితో పైకెళ్తుంది కాబట్టి మన పొగా అలాగే వెళ్ళాలి, లేకపోతే టెస్ట్ ఇంకో దారిలో తప్పవుతుంది. ఈసారి అలారం రావడానికి 80 సెకన్లు దాటింది. ఫెయిల్. ఏంటా అని చూస్తే ఆ మూలన గాలి వచ్చే రంధ్రం పొగని డిటెక్టర్ వైపు వెళ్ళనివ్వకుండా పక్కకి తోసేస్తోంది. డిటెక్టర్ జాగా మార్చాం, మళ్ళీ మొదట్నుంచీ అన్నీ చేశాం, వారాలు పట్టింది. ఆ రోజు సర్ పట్టుబట్టకపోతే ఆ విమానం అలాగే ఎగిరేది, ఇప్పటికీ తలుచుకుంటే భయమేస్తుంది.

ఇంత పట్టింపు దేనికి అనుకుంటే వాల్యూజెట్ 592 అనే అమెరికా ప్యాసింజర్ విమానం గురించి చదవండి. 1996 మే 11న మయామీ నుంచి లేచిన కాసేపటికే కార్గోలో మంట బయటపడింది, విమానం కూలి 110 మంది పోయారు. ఆ కార్గోలో స్మోక్ డిటెక్టరే లేదు, మూసేసిన గది కదా, ఆక్సిజన్ అందక మంట దానంతటదే ఆరిపోతుందని అప్పటి లెక్క, కానీ లోపల ఉన్నవి ఆక్సిజన్ జెనరేటర్లు. ఆ తర్వాత 1998లో రూల్ తెచ్చి, 2001 మార్చికల్లా ప్యాసింజర్ విమానాల్లో అలాంటి కార్గోలన్నింటికీ డిటెక్టర్లు, మంట ఆర్పే సిస్టమూ పెట్టించారు.

మీరు మెయింటెనెన్స్‌లో ఉండి అడుగుతుంటే మాత్రం, బయట దొరికే ఫాగ్ మెషిన్‌తో, అగరబత్తితో దయచేసి చూడకండి, మీ విమానం మాన్యువల్‌లో ఏం రాసుంటే అదే, చాలాచోట్ల డిటెక్టర్ సెల్ఫ్ టెస్టే ఉంటుంది. మెషిన్ పొగ నూనె లోపల పొరలా పట్టేసి తర్వాత తప్పుడు అలారాలు ఇవ్వొచ్చు, అందుకే మేం టెస్టుల్లో వాడిన డిటెక్టర్లని విమానంలో ఉంచలేదు, తీసేసి కొత్తవి పెట్టాం. ఇంకోటి, ఇప్పుడు రెండు రంగుల వెలుతురు వాడే డిటెక్టర్లు వస్తున్నాయి, అవి దుమ్మునీ ఆవిరినీ పొగ కాదని గుర్తుపట్టి వదిలేస్తాయి, మెషిన్ పొగని కూడా అలాగే వదిలేసే అవకాశం ఉంది, కాబట్టి వాటికి ఏ పొగ వాడాలో డిటెక్టర్ తయారుచేసినవాళ్ళనే అడగాలి.