శిబిరం ముగిశాక మొదలయ్యే సేవ

సేవా క్లబ్బుల పనితీరు గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా కూర్చాము.

ప్రశ్న: మా సేవా క్లబ్బుకు ఈ ఏడాది నేను కార్యదర్శిగా ఎన్నికయ్యాను. పాత నివేదికలు తిరగేస్తే ప్రతి ఏడాదీ అవే పనులు కనిపించాయి: బడిపిల్లలకు నోటుపుస్తకాలు పంచడం, మొక్కలు నాటడం, ఒక ఆరోగ్య శిబిరం. సభ్యుల ఉత్సాహానికి లోటు లేదు. అయినా వీటివల్ల ఎవరికి ఎంత మేలు జరిగిందని అడిగితే చెప్పలేకపోతున్నాము. మేము పనిని ఎలా ఎంచుకోవాలి?

జవాబు: పనిని ఎంచుకునే ముందు సభ్యులు సమావేశపు గది దాటి బయటకు వెళ్లాలి. చాలా క్లబ్బులలో జరిగేది ఇందుకు విరుద్ధం. తాము ఏమి ఇవ్వగలరో ముందు లెక్క వేసుకుని, ఆ తరువాత దానిని పుచ్చుకునేవారి కోసం వెతుకుతారు. నోటుపుస్తకాలు కొనడమూ పంచడమూ తేలిక కనుక ఏటేటా అవే పంచుతారు. అదే బడిలో మరుగుదొడ్డికి తలుపు లేక ఆడపిల్లలు ఇబ్బంది పడుతున్న సంగతి మాత్రం ఉపాధ్యాయులను, అంతకన్నా ముఖ్యంగా ఆ పిల్లలను, కూర్చోబెట్టుకుని అడిగితే తప్ప బయటపడదు.

ఈ సంఘాల చరిత్రలో గుర్తుంచుకోదగిన పనులన్నీ ఇలా కళ్లు తెరిచి చూడడం వల్లనే మొదలయ్యాయి. పాల్ హారిస్ 1905లో చికాగోలో స్థాపించిన రోటరీ క్లబ్బు మొదట వృత్తి వ్యాపారాలలో ఉన్నవారు కలుసుకునే చోటు మాత్రమే. రెండేళ్ల తరువాత, 1907లో, నగరంలో ప్రజలకు మరుగుదొడ్లు కట్టించాలని అది పూనుకుంది. గొప్పగా చెప్పుకోవడానికి వీలైన పని కాదది, కాని బజారుకు వచ్చిన ప్రతి మనిషికీ అవసరమైన పని. అలాగే 1930లో అమెరికాలోని పియోరియా పట్టణపు లయన్స్ క్లబ్బు అధ్యక్షుడు ఒక అంధుడు నల్లని చేతికర్రతో రోడ్డు దాటలేక అవస్థ పడడం గమనించాడు. నల్లని రోడ్డు మీద నల్లని కర్ర వాహనాలు నడిపేవారికి కనిపించడం లేదు. క్లబ్బు సభ్యులు ఆ కర్రలకు తెల్లరంగు వేయించి, మీద ఎర్రని పట్టీ పెట్టించి అంధులకు ఇచ్చారు. అంతటితో ఆగకుండా, తెల్లకర్ర పట్టుకున్నవారికి దారి ఇవ్వాలన్న నిబంధనను పట్టణ పాలకవర్గం చేత చేయించారు. నా దృష్టిలో ఈ రెండో అడుగే అసలైన సేవ, ఎందుకంటే కర్ర ఒకరి చేతికి అందుతుంది, నిబంధన కర్ర పట్టుకున్న ప్రతివారినీ కాపాడుతుంది.

కాబట్టి పదవి స్వీకరించిన తొలి నెలలలో ఏ కార్యక్రమమూ పెట్టకపోయినా ఫరవాలేదు. ఉపాధ్యాయులతో, ఆరోగ్య కార్యకర్తలతో, పారిశుద్ధ్య కార్మికులతో, ఒంటరిగా ఉన్న వృద్ధులతో, వైకల్యం ఉన్నవారితో విడివిడిగా మాట్లాడండి. అందరినీ ఒక సభలో కూర్చోబెట్టి అడిగితే గట్టిగా మాట్లాడేవారి అవసరాలే వినిపిస్తాయి. విన్నది రాసుకోండి. ఆ పనిని ఇప్పటికే మరెవరైనా చేస్తున్నారేమో కనుక్కోండి, చేస్తుంటే వారికి తోడుగా వెళ్లండి. మీ చేయి తీసిన తరువాత దానిని ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకు జవాబు దొరకని పనిని మొదలుపెట్టకండి. మొక్కల విషయంలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. తొలి రెండు వేసవులు నీరు పోసే మనిషి ఎవరో తేలకుండా నాటిన వెయ్యి మొక్కలకన్నా, ఒక్కొక్కదానికీ బాధ్యుడు ఉన్న యాభై మొక్కలు మేలు.

ప్రశ్న: సహాయం అందించేటప్పుడు ఫొటోలు తీసుకోకపోతే దాతలకు ఏమి చూపగలం? మా క్లబ్బులో ఈ విషయం మీద పెద్ద వాదన జరిగింది.

జవాబు: దాతకు చూపవలసింది జరిగిన పని, పుచ్చుకున్నవారి ముఖం కాదు. బాగుచేసిన గది, అమర్చిన కుళాయి, కొన్న పరికరం, బిల్లు, వాడకం వివరాలు చూపండి. కృత్రిమ కాలు అమర్చుకున్న మనిషిని వేదిక ఎక్కించి, అధ్యక్షుడు దానిని పట్టుకుని నిలబడి ఫొటో దిగడం ఆ మనిషి గౌరవాన్ని తగ్గిస్తుంది. ఎవరి కథనైనా చెప్పదలిస్తే వారిని ముందుగా, సహాయం అందిన రోజున కాకుండా మరొక రోజున, అడగండి. వద్దంటే సహాయం ఆగిపోతుందేమోనన్న భయం వారికి ఉండకూడదు. పిల్లల విషయంలో ఫొటోలు పూర్తిగా మానుకోవడమే మంచిది.

ప్రశ్న: మేము ఏడాదికి ఒకసారి పెద్ద రక్తదాన శిబిరం నిర్వహిస్తాము. ఒక్క రోజులో వీలైనంత ఎక్కువమంది చేత రక్తం ఇప్పించాలన్నది మా లక్ష్యం. ఇది సరైన పద్ధతేనా?

జవాబు: ఉద్దేశం మంచిదే, పద్ధతిని మార్చుకోవాలి. రక్తం దాచిపెట్టుకుంటే ఎప్పటికీ ఉండే వస్తువు కాదు. దానం చేసిన రక్తాన్ని సాధారణంగా భాగాలుగా వేరుచేస్తారు. ఎర్రకణాలు తగిన ద్రావణంలో, తగిన చల్లదనంలో సుమారు 42 రోజులు నిలుస్తాయి, ప్లేట్‌లెట్లు నిలిచేది సుమారు 5 రోజులే. ఒక్క రోజున వరదలా వచ్చిన రక్తంలో కొంత వాడకముందే గడువు దాటిపోవచ్చు, ఆ తరువాతి నెలలలో కొరత అలాగే ఉంటుంది. తలసేమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధితో బాధపడే పిల్లలకు రెండు మూడు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించవలసి వస్తుంది, వారి అవసరానికి మీ వార్షికోత్సవపు తేదీతో సంబంధం ఉండదు.

రక్తనిధి వారితో కూర్చుని ఏ నెలలలో నిల్వలు తగ్గుతాయో తెలుసుకుని, ఏడాది పొడవునా చిన్న చిన్న శిబిరాలు పెట్టండి. పరీక్షలకు, సెలవులకు కాలేజీలు మూతపడే రోజులలో దాతలు తగ్గుతారు కనుక ఆ సమయంలో మీ సభ్యులే ముందుకు రావాలి. హిమోగ్లోబిన్ తక్కువగా ఉందని వెనక్కు పంపిన దాతలను ఎవరూ పట్టించుకోరు. వారికి రక్తహీనత గురించి చెప్పి, వైద్యుని దగ్గరకు పంపి, కొన్ని నెలల తరువాత మళ్లీ పలకరించే పని ఒక సభ్యునికి అప్పగించండి. ఎన్ని యూనిట్లు వచ్చాయన్న లెక్కతో పాటు మళ్లీ వచ్చిన దాతలు ఎంతమందన్న లెక్క కూడా రాసుకోవాలి.

ప్రశ్న: నేత్రదానానికి మా క్లబ్బు వందలాది అంగీకార పత్రాలు సేకరించింది. కాని ఆ పత్రాలు ఇచ్చినవారు మరణించినప్పుడు నేత్రదానం జరగడం చాలా అరుదు. లోపం ఎక్కడ ఉంది?

జవాబు: లయన్స్ క్లబ్బులు కంటి చూపుకు సంబంధించిన సేవకు అంత ప్రాధాన్యం ఇవ్వడానికి 1925లో హెలెన్ కెల్లర్ వారి అంతర్జాతీయ మహాసభలో చేసిన విన్నపమే కారణం. చూపూ వినికిడీ రెండూ లేని ఆ మహిళ, అంధుల పక్షాన నిలబడవలసిందిగా వారిని కోరారు. ఆ పిలుపుతో మొదలైన పని ఈనాటికీ సాగుతోంది. అయినా మీరు చెప్పిన లోపం చాలాచోట్ల ఉంది. దానికి కారణం పత్రం మీద సంతకం చేసిన మనిషికీ, చివరకు నిర్ణయం తీసుకునే మనుషులకూ మధ్య మాట జరగకపోవడమే.

నేత్రదానంలో ముఖ్యంగా కావలసింది కార్నియా, అంటే కంటి ముందుభాగంలోని పారదర్శకమైన పొర. మరణం తరువాత దానిని ఆరు గంటలలోపు సేకరించడం మంచిది. ఆ ఆరు గంటలలో ఇల్లంతా దుఃఖంలో ఉంటుంది. కుటుంబం అంగీకరించకపోతే పత్రం ఉన్నా దానం జరగదు. ఎవరికి ఫోన్ చేయాలో తెలియక ఒక గంట, పెద్దలను ఒప్పించడానికి మరికొన్ని గంటలు గడిచిపోతాయి. అందుకని సంతకం తీసుకున్న రోజునే ఆ ఇంటికి వెళ్లి భార్యాభర్తలతో, పిల్లలతో మాట్లాడాలి. కంటినిధి ఫోన్ నంబరును ఇంట్లో అందరికీ కనిపించే చోట అంటించాలి. ఏ వేళనైనా ఫోన్ ఎత్తి, కబురు అందిన వెంటనే బయలుదేరే సభ్యులు ఇద్దరు ముగ్గురు ఉండాలి.

కుటుంబాల సందేహాలకు జవాబులు కూడా వారి నోట సిద్ధంగా ఉండాలి. కళ్లద్దాలు వాడినవారు, కంటిశుక్లం ఆపరేషన్ చేయించుకున్నవారు, వయసు మళ్లినవారు కూడా నేత్రదానం చేయవచ్చు. సేకరణకు ఎక్కువ సేపు పట్టదు, ముఖం వికృతం కాదు, అంత్యక్రియలు ఆలస్యం కావు. ఎయిడ్స్, హెపటైటిస్, రేబిస్ వంటి వ్యాధులు ఉన్నవారి నుంచి మాత్రం తీసుకోరు, అది వైద్యులు తేలుస్తారు. బృందం వచ్చేలోగా కనురెప్పలు మూసి, వాటి మీద తడి దూది ఉంచి, తల కొంచెం ఎత్తులో పెట్టి, గదిలో ఫ్యాను ఆపమని ఫోన్‌లోనే చెప్పాలి. ఈ నాలుగు మాటలు కంఠతా వచ్చిన సభ్యుడు ఒక్కడున్నా మీ పత్రాలకు విలువ వస్తుంది.

ప్రశ్న: ప్రతి జులైలో కొత్త అధ్యక్షుడు వస్తారు, కొత్త ఆలోచన తెస్తారు, పాత పని ఆగిపోతుంది. దీనికి మార్గం ఏమిటి?

జవాబు: రోటరీ, లయన్స్ సంఘాలలో పదవీ సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. పదవి చేతులు మారడం మంచి ఆచారమే, పని కూడా దానితో పాటు మారాలన్న నియమం మాత్రం ఎక్కడా లేదు. పోలియో మీద రోటరీ చేసిన పనిని చూడండి. 1979లో ఫిలిప్పీన్స్‌లో పిల్లలకు చుక్కల మందు వేయించడంతో అది మొదలైంది. 1985లో ప్రపంచవ్యాప్త కార్యక్రమంగా మారింది. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ వంటి సంస్థలతో కలిసి నిర్మూలన ఉద్యమం ప్రారంభమైంది. ఆనాడు 125కు పైగా దేశాలలో ఏడాదికి సుమారు 3,50,000 మంది పిల్లలు ఈ వ్యాధి పాలయ్యేవారని అంచనా. ఆ సంఖ్య ఇప్పుడు 99 శాతానికి పైగా తగ్గింది. ఈ దశాబ్దాలలో ప్రతి ఏటా అధ్యక్షులు మారుతూనే ఉన్నారు.

మీ స్థాయిలో చేయగలిగింది ఇది. ముఖ్యమైన ఒకటి రెండు పనులకు కనీసం మూడేళ్ల కాలపరిమితిని సర్వసభ్య సమావేశంలో తీర్మానించండి. వాటి బాధ్యతను అధ్యక్షునికి కాకుండా, ఏటా మారని ఒక చిన్న కమిటీకి ఇవ్వండి. ప్రస్తుత, గత, రాబోయే అధ్యక్షులు ముగ్గురూ అందులో ఉంటే పాత పనిని వదిలివేయాలన్న తొందర తగ్గుతుంది. కొత్త అధ్యక్షుని ఆలోచనకు చోటు ఉండాలి కనుక బడ్జెట్‌లో కొంత భాగాన్ని ఆయనకు విడిగా కేటాయించండి.

ప్రశ్న: ప్రజల దగ్గర వసూలు చేసిన విరాళాల నుంచి సమావేశాల ఖర్చు పెట్టవచ్చా?

జవాబు: పెట్టకూడదు. సభ్యుల చందాలు పరిపాలన ఖాతాలో, ప్రజలు ఇచ్చిన సొమ్ము సేవా ఖాతాలో విడివిడిగా ఉండాలి, ప్రజల సొమ్ము ప్రజలకే తిరిగి చేరాలి. విందు, శాలువాలు, జ్ఞాపికలు సభ్యుల జేబు నుంచే రావాలి. రెండు ఖాతాల వివరాలనూ ఏడాదికి ఒకసారి దాతలందరికీ పంపండి, అడిగినవారికే ఇస్తామనకండి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్న విద్యార్థినిని. సేవ చేయాలని ఉంది, కాని చందా కట్టే స్తోమత లేదు. ఇవి డబ్బున్న మగవారి సంఘాలని ఇంట్లో అంటున్నారు.

జవాబు: ఆ మాటకు ఒకప్పుడు ఆధారం ఉంది. 1980ల చివరి వరకు ఈ పెద్ద సంఘాలలో మహిళలకు సభ్యత్వం ఉండేది కాదు. 1987లో అమెరికా సుప్రీంకోర్టు రోటరీ కేసులో మహిళల పక్షాన తీర్పు చెప్పింది. లయన్స్ సంఘం ఆ ఏడాదే మహిళలకు తలుపు తెరిచింది, రోటరీ 1989లో తన నియమావళిని మార్చుకుంది. యువత కోసం లయన్స్ వారి లియో క్లబ్బులు 1957 నుంచి, రోటరీ వారి ఇంటరాక్ట్ క్లబ్బులు 1962 నుంచి, రోటరాక్ట్ క్లబ్బులు 1968 నుంచి ఉన్నాయి. వాటిలో చందా సాధారణంగా పెద్దల క్లబ్బుకన్నా తక్కువ.

చేరకముందు ఒకటి రెండు సమావేశాలకు అతిథిగా వెళ్లండి, కొత్తవారిని క్లబ్బులు సాధారణంగా కాదనవు. వేదిక మీద ఎవరున్నారన్నది వదిలి, పనులు ఎవరు పంచుకుంటున్నారో, మహిళలకు ఆతిథ్యం తప్ప మరే బాధ్యత అయినా ఇస్తున్నారో గమనించండి. పోయిన ఏడాది మొదలుపెట్టిన పని ఇప్పుడు ఏ స్థితిలో ఉందని కార్యదర్శిని అడగండి. సూటిగా జవాబు చెప్పిన క్లబ్బులో, చందా విషయాన్ని దాచకుండా ముందే చెప్పి, వారానికి మీరు ఇవ్వగలిగిన రెండు గంటలు ఏవో ఖరారు చేసుకోండి. చదివి వినిపించే మనిషి కోసం ఎదురుచూసే అంధ విద్యార్థులకు, పరీక్షలో లేఖకులు దొరకని వారికి డిగ్రీ విద్యార్థిని ఇచ్చే ఆ రెండు గంటలు ఎంతో అవసరం. పరీక్షల తేదీలు ముందే తెలుస్తాయి కనుక మీ చదువుకు అడ్డు రాకుండా ఆ పనిని ఏర్పాటు చేసుకోవచ్చు.