ఇటలీలోని టస్కనీ పల్లెలకు మొదటిసారి వెళ్తున్నాం, ఏం తెలుసుకోవాలి?

ముందు టైమింగ్ చూసుకోండి. చాలా షాపులు మధ్యాహ్నం 1 నుంచి సుమారు 4 దాకా మూసేస్తారు. రాత్రి భోజనం 7:30కి ముందు దొరకడం కష్టం, బ్యాగులో జంతికలైనా ఉంచుకోండి. ఆదివారం బస్సులు బాగా తక్కువ.

షాపులో అడుగుపెట్టగానే 'బొన్‌జోర్నో' అనండి. పలకరింపు లేకుండా ధర అడిగితే మర్యాదగా అనిపించదు. పండ్ల కొట్లో మన రైతుబజార్‌లోలా టమాటాలు నొక్కి చూడకండి, వేలు చూపిస్తే వాళ్లే ఏరి ఇస్తారు. ఇది మనవాళ్లకి కాస్త కష్టమే!

బిల్లులో 'కొపెర్తో' అని మనిషికి ఒకటి నుంచి మూడు యూరోల దాకా కనబడితే మోసమనుకోకండి. అది బ్రెడ్డుకీ, టేబుల్‌కీ వేసే మామూలు చార్జీ. శాకాహారులైతే 'సెంత్సా కార్నే', అంటే మాంసం లేకుండా అని అడగండి. చేప వద్దని మాత్రం విడిగా చెప్పాలి.