లెక్క తెలిసినా నెలవంక కోసం చూడటమెందుకు?

ప్రశ్న: గ్రహణం సెకన్లతో సహా చెప్పేస్తున్నారు. రంజాన్‌కు మాత్రం ఏటా చాంద్ కోసం ఎదురుచూపులే. లెక్కగట్టి తేదీ పెట్టుకుంటే మతానికి విరుద్ధమా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: సెకన్లతో చెప్పగలిగేది అమావాస్య ముగిసే క్షణాన్ని. నెలపొడుపు కంటికి ఆనడం వేరే సంగతి. చంద్రుడు సూర్యుడికి సుమారు 7 డిగ్రీల లోపు ఉంటే టెలిస్కోపుకు కన్ను ఆనించి చూసినా వంక దొరకదు. ఉత్త కంటికి మామూలుగా 10 డిగ్రీల ఎడమైనా కావాలి. ఆపైన మబ్బు, దుమ్ము ఉండనే ఉన్నాయి.

హదీసు (ప్రవక్త ముహమ్మద్ వచనం) ప్రకారం నెలవంకను చూసి ఉపవాసం మొదలెట్టాలి, మబ్బు కమ్మితే 30 రోజులు పూర్తిచేయాలి. చాంద్రమాసం సగటున 29.53 రోజులు, అంటే నెలకు 29 లేదా 30 రోజులు కాబట్టి ఈ నియమంతో తేడా పెరుగుతూ పోదు. లెక్కను ఒప్పుకునే ఉలమాలూ (మత పండితులూ) ఉన్నారు. 1978 ఇస్తాంబుల్ సమావేశం సూర్యుడికీ చంద్రుడికీ 8 డిగ్రీల ఎడం, సూర్యాస్తమయానికి 5 డిగ్రీల ఎత్తు ప్రమాణంగా పెట్టింది. టర్కీ క్యాలెండర్ దాని మీదే నడుస్తోంది. ఉత్తర అమెరికా ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్ర) కౌన్సిల్ 2006లో లెక్క వైపు వచ్చింది. మన దగ్గర నెలవంకను ప్రకటించే హిలాల్ కమిటీలు మాత్రం చూసినవారి సాక్ష్యం అడుగుతాయి.

లెక్క అసలు అక్కరకొచ్చేది ఆ సాక్ష్యాన్ని వడగట్టడానికే అని మా అభిప్రాయం. ఆ సాయంత్రం సూర్యుడికన్నా ముందే చంద్రుడు అస్తమిస్తే, ఎంతమంది చూశామన్నా పక్కన పెట్టాల్సిందే. కొమ్ములు ఎటున్నాయో కూడా అడగాలి. వెలుగు అంచు సూర్యుడి వైపే ఉంటుంది. కొమ్ములు సూర్యుడు కుంకిన వైపుకు తిరిగి ఉన్నాయంటే వారు చూసింది ఏ విమానం పొగచారనో, మబ్బుతునకనో!

చూడదలిస్తే సూర్యాస్తమయానికీ చంద్రాస్తమయానికీ మధ్య వ్యవధిని 9 భాగాలు చేసి, 4 గడిచాక వెతకండి. వ్యవధి 45 నిమిషాలైతే 20వ నిమిషం దగ్గర. బైనాక్యులర్ సూర్యుడు పూర్తిగా కుంకాకే ఎత్తాలి, లేదంటే కన్ను పోతుంది.

ప్రశ్న: మరి ఈస్టర్‌కు ఎవరూ చంద్రుణ్ణి చూడరేం?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అక్కడ పట్టికే ప్రమాణం. వసంత విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) మార్చి 21 అని స్థిరపరిచి, ఆనాడు గానీ ఆ తర్వాత గానీ వచ్చే తొలి పున్నమిని 19 ఏళ్ల చక్రంతో లెక్కిస్తారు. ఆ పున్నమి తర్వాతి ఆదివారం ఈస్టర్. ఆకాశంతో అప్పుడప్పుడు పొసగదు. 2019లో విషువత్తు దాటిన కొన్ని గంటలకే, మార్చి 21న, నిజమైన పున్నమి వచ్చింది. ఆ లెక్కన పండుగ మార్చి 24న రావాలి. పట్టికలో పున్నమి ఒక రోజు ముందే పడటంతో ఏప్రిల్ 21కి జరిగింది. జెరూసలేం రేఖాంశంపై ఖగోళ గణనే వాడదామని 1997లో సిరియాలోని అలెప్పోలో జరిగిన క్రైస్తవ చర్చిల సమావేశం ప్రతిపాదించింది. అది అమల్లోకి రాలేదు.