జనుము, జనపనార, గోగునార మూడూ ఒకటేనా?

ఒకటి కాదు. ఇనుముతో చేసింది ఇనప పెట్టె అయినట్టే జనుము నుంచి తీసింది జనపనార. న్యాయంగా ఆ పేరు మన చేలల్లో పసుపు పూలు పూసే జనుముది. బెంగాల్ నుంచి జూట్ అనే వేరే మొక్క నార గోనె సంచులై వచ్చి ఆ పేరును కబ్జా చేసింది. పైగా 1987 నాటి చట్టం పుణ్యమా అని తిండిగింజలకు జూట్ సంచే కావాలి. కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసుకుని ఆ సంచుల కోసం పడిగాపులు కాసినవాళ్లకు ఆ సంగతి తెలుసు. ఇక గోగునార, మనం పుంటికూర అని వండుకునే గోగు జాతి కట్టెలది.

జనుమును ఇంగ్లీషులో సన్ హెంప్ అంటారు. హెంప్ అంటే గంజాయి జాతి మొక్క కదా, అది విని మా ఆఫీసులో ఒకాయన "గంజాయా?" అన్నాడు. కందులు, పెసర్ల కుటుంబం సార్ అది!

పరకాల దగ్గర మా ఊళ్లో తాత చేను గట్టున నాలుగు సాళ్లు జనుము వేసేవాడు. మిగతా రైతులు పూత రాగానే ఎరువు కోసం కలియదున్నితే, ఈయన కోసి కట్టలు కట్టి కుంటలో ముంచి, పైన బండలు పెట్టేవాడు. వారం దాటాక ఆ కంపు అంతా ఇంతా కాదు. అటు వెళ్లొస్తే నాయనమ్మ గడప తొక్కనిచ్చేది కాదు. రోజూ ఒక కట్టె తీసి, నార పొట్టులా ఊడుతుందో లేదో చూడటం నా పని. ఒక ఏడు క్రికెట్ పిచ్చిలో పడి రెండు రోజులు కుంట వైపే పోలేదు.

"ఏమ్రా, చూసొచ్చినవా?"

"చూసిన తాతా, ఇంకా ఊడుతలేదు."

మూడో రోజు ఆయనే వెళ్లి చూస్తే నార నల్లబడి ఉంది. ఎక్కువ నానితే బలం పోతుంది. అయినా పారేయబుద్ధి కాక, వేపచెట్టుకు ఒక కొస కట్టి మూడు పేటల తలుగు పేనాడు. వారం తిరక్కుండానే బర్రె దాన్ని పటుక్కున తెంపుకుని పక్కోళ్ల వరి మడిలో పడింది. తాత నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తెగిన తలుగు ముక్క మాత్రం నా పుస్తకాల సంచికి కట్టాడు.

ఇప్పుడు ఊళ్లో అన్నీ ప్లాస్టిక్ తాళ్లే. తెగవు, ఒప్పుకుంటా. కానీ బర్రె గింజుకుంటే మెడ తోలు ఒరుసుకుపోయి పుండు పడుతుంది. దుకాణంలో మొన్న "జనపనార తాడు ఉందా?" అని అడిగితే, పసుపు రంగు ప్లాస్టిక్ చుట్ట తీసి చేతిలో పెట్టాడు.