రీసెర్చ్ ఎథిక్స్ క్లాసులో ముందు డేటా ఇవ్వండి, రూల్స్ తర్వాత

పీహెచ్‌డీ మొదటి ఏడాది పిల్లలకు రీసెర్చ్ ఎథిక్స్ చెప్పమన్నారు, స్లైడ్లు చదువుతుంటే అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు, ఏం చేయాలని మీరు అడిగారు. నేను బయోకెమిస్ట్రీ చెప్తాను. మొదటి బ్యాచ్‌తో నాదీ ఇదే గతి.

విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2019లో ఈ 2 క్రెడిట్ల కోర్సును పీహెచ్‌డీ వాళ్ళందరికీ తప్పనిసరి చేసింది. ఉన్నవి 30 గంటలు. వాటిలో చాలా భాగం నేను 2018 నాటి ప్లేజరిజం (ఇతరుల రాతను కాపీ కొట్టడం) నిబంధనలకే పెట్టాను. ఇతరుల రాతతో 10 శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదు, థీసిస్‌లో 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, ఇలా. వాళ్ళ చెవికెక్కింది మాత్రం '10 లోపు ఉంటే పాస్' అన్నదొక్కటే. ఒకమ్మాయి వచ్చి, వాక్యాలు అటూ ఇటూ తిప్పి 9కి తెచ్చేశానని సంబరంగా చెప్పింది. ఆమెనేం అంటాం, చెప్పింది నేనే కదా.

ఇప్పుడు మొదటి రోజు రూల్స్ ఊసే ఎత్తను. ఒక ఎంజైమ్ ప్రయోగం రీడింగులు ఎనిమిది ఇచ్చి గ్రాఫ్ గీయమంటాను, అంతే. ఏడు బుద్ధిగా పైకి పోతుంటాయి, చివరిది కిందికి జారుతుంది. క్లాసులో సగం మంది దాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తారు. ఎందుకంటే 'పైపెటింగ్ ఎర్రర్ అయ్యుంటుంది మేడమ్', అంటే ద్రవం కొలిచి పోయడంలో తప్పు. ఆ 'అయ్యుంటుంది' దగ్గరే గంట గడిచిపోతుంది.

అప్పుడు చెప్తాను, ఆ రీడింగులు నావేనని. 'ఆ చివరిది తీసెయ్యమ్మా, కర్వ్ బాగొస్తుంది' అన్నారు మా గైడ్. పెన్సిల్‌తో రాసుకున్న అంకెను రబ్బరుతో చెరిపేశాను. నా తర్వాత వచ్చిన జూనియర్‌కు అక్కడ ప్రతిసారీ రీడింగ్ పడిపోయేది. రెండు నెలలు తన చెయ్యే బాగాలేదనుకున్నాడు పాపం. తీరా చూస్తే సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ పనిచేసే పదార్థం) మరీ ఎక్కువైతే ఆ ఎంజైమ్ నెమ్మదిస్తుంది. అంటే నేను చెరిపేసిందే అసలు రిజల్ట్. మా ల్యాబ్‌లో ఇప్పుడు పెన్సిల్ లేదు. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేసి, పక్కన కారణం, తేదీ, సంతకం. కింది అంకె కనబడాల్సిందే.

రెండో క్లాసు భౌతిక శాస్త్రవేత్త మిలికన్‌ది. ఎలక్ట్రాన్ ఆవేశం కొలిచిన 1913 నాటి పేపర్లో 58 నూనె చుక్కల లెక్క ఇచ్చి, 60 రోజుల్లో చూసినవన్నీ ఇవేనన్నాడు. ఆయన నోట్‌బుక్‌లలో అంతకంటే చాలా ఎక్కువ ఉన్నాయి, కొన్నిటి పక్కన భలే ఉంది, ప్రచురించాలి అన్న అర్థంలో రాతలు కూడా. మిగతావి కలిపినా విలువ పెద్దగా మారదు. మరి ఆ వాక్యం అబద్ధమా కాదా? ఆయనకు 1923లో నోబెల్ వచ్చిందన్న సంగతి వాదన బాగా వేడెక్కాక చెప్పండి, ముందే చెబితే అందరూ ఆయన వైపు దూకుతారు.

ఇంకొకటి. చీటీల మీద పేరు లేకుండా ప్రశ్నలు రాయించండి. నాకొచ్చే వాటిలో ఎక్కువ గైడ్ల గురించే: 'సార్ వాళ్ళ ఫ్రెండ్ పేరు పేపర్లో పెట్టమంటున్నారు, ఏం చేయను?' ఎదురు తిరగమని చెప్పలేను, వాళ్ళ డిగ్రీ ఆయన చేతిలో ఉంది. రాయడం మొదలుపెట్టకముందే ఎవరు ఏ పని చేశారో పట్టిక వేసి గైడ్‌కు మెయిల్ చేయమంటాను. కొన్నిసార్లు పనిచేస్తుంది. ఒక గైడ్‌గారు మాత్రం నాకు ఫోన్ చేసి, 'మా పిల్లలకు ఏం నేర్పిస్తున్నారు మేడమ్?' అని అడిగారు.