సీసా మూతలతో బతుకుతాడా?

తెనాలి నుంచి ఒక తల్లి రాశారు: "మావాడికి ఇంటర్ అయిపోయింది. ఇంజినీరింగ్ వద్దు, శిల్పం చదువుతా అంటున్నాడు. ఆఫ్రికాలో ఎవరో మందు సీసాల మూతలతో పరదాల్లాంటివి చేశారట, ఆ ఫొటోలే చూపిస్తాడు. చెత్త ఏరుకుని బతుకుతాడా అని టెన్షన్."

అమ్మా, మీవాడు చూపించింది ఎల్ అనట్సుయి పని. 1944లో ఘనాలో పుట్టారు, 1975లో నైజీరియాలోని ఎన్సుక్కాకు వచ్చి, యూనివర్సిటీలో శిల్పం పాఠాలు చెబుతూ ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయారు. మూతల సంచీ ఆయన కంటబడింది 1998 ప్రాంతంలో, అంటే యాభై దాటాక! అంతకుముందు సంతలో సరుకు పెట్టే చెక్క పళ్లేలు, పగిలిన కుండలు, మోటారు రంపంతో కోసిన దుంగలు అన్నీ అయ్యాయి. దగ్గర్నుంచి చూస్తే ఒక్కో మూతనీ నలగ్గొట్టి, మడిచి, చిల్లులు పెట్టి, సన్నటి రాగి తీగతో పక్క మూతకి కట్టి ఉంటుంది, ఒక్కడి వల్ల అయ్యే పని కాదు కాబట్టి చుట్టూ సహాయకులు. మందు మూతలే ఎందుకంటే, యూరప్ వర్తకులు ఒకప్పుడు పశ్చిమాఫ్రికా తీరంలో మనుషుల్ని బానిసలుగా కొనడానికి ఇచ్చిన సరుకుల్లో మందు కూడా ఒకటి. 2015లో ఇటలీలో జరిగే పెద్ద కళా ప్రదర్శన వెనిస్ బినాలేలో జీవితకాల కృషికి గోల్డెన్ లయన్ పురస్కారం ఇచ్చారు.

అయినా తెనాలిలో ఉండి చెత్త అంటారేంటండీ! మీ ఊళ్లోనే పాత నట్లు, బోల్టులు, గేర్లు వెల్డింగ్ చేసి నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు, సెంటర్లో నిలబెట్టే నాయకుల విగ్రహాలకూ ఆర్డర్లు వస్తాయి. ఎవరి విగ్రహం, ఏ సెంటర్లో, ఎంత ఎత్తులో, డబ్బెవరిది అని మీవాణ్ణి అడిగి చూడండి. వాడు దానికి ఆసక్తిగా జవాబు వెతికితే నాకు వాడి మీద నమ్మకం కుదురుతుంది, ఫొటోలకి లైకులు కొట్టడం మాత్రమే అయితే కుదరదు.

డబ్బు సంగతి దాచను. గ్యాలరీలో అమ్ముకుని బతికేవాళ్లు తక్కువే. టీచింగ్, సినిమా సెట్లు, విగ్రహాల ఆర్డర్లు, ఇవే ఇల్లు గడిపేవి. సూర్యాపేటలో పుట్టిన రవీందర్ రెడ్డి గారి ఫైబర్‌గ్లాస్ తలలు ప్రపంచమంతా తిరిగాయి, ఆయన కూడా విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవారే. బీఎఫ్‌ఏ, అంటే లలిత కళల డిగ్రీ, నాలుగేళ్లు. విశాఖ, బరోడా, శాంతినికేతన్ మూడూ చూడండి. మార్కులొక్కటే చాలవు, డ్రాయింగ్ చేతిలో ఉండాలి.

ఫారం నింపే ముందు ఒక నెల మీ ఊరి విగ్రహాల షెడ్డుకు పంపండి, వెల్డింగ్ అద్దం పెట్టుకోమని మాత్రం గట్టిగా చెప్పండి. నెల తర్వాత కూడా ఇదే మాట అంటే మళ్లీ రాయండి, పోర్ట్‌ఫోలియో గురించి మాట్లాడుకుందాం.